రోడ్డు లెక్కలో రైతు ఎక్కడ?

కొన్నేళ్ళ కిందట, ఆగస్టు నెలలో ఒక పొద్దున, మా ఊరి అడ్డరోడ్డు దగ్గర చింతచెట్టు కింద ఒక కుర్రాడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతిలో అట్ట, దానిమీద గళ్ళ కాగితం. వచ్చే బండికీ పోయే బండికీ ఒక్కో గీత గీస్తున్నాడు. "ఏం రాస్తున్నావు నాయనా?" అని అడిగాను. "బండ్లు లెక్కపెడుతున్నా బాబాయ్, కొత్త రోడ్డు కోసం" అన్నాడు. మంచిదేగా అనుకుని టీ ఇప్పించి పొలానికి పోయాను. వారం రోజులు ఉండి వెళ్ళిపోయాడు.

ఆ గళ్ళ కాగితంలో మా ఊరి తలరాత రాస్తున్నారని ఆ రోజు నాకు తెలియదు. తెలిసి ఉంటే టీతో సరిపెట్టేవాణ్ణి కాదు.

తర్వాత నాలుగు వరసల బైపాస్ వచ్చింది. మా పొలాలను నిలువునా రెండుగా చీల్చింది. ఊరు ఒకవైపు, మిరప చేలు ఇంకోవైపు. మా డొంక ఎక్కడైతే రోడ్డును దాటాలో అక్కడ అండర్‌పాస్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే "ఆ చోట ట్రాఫిక్ లేదు" అన్నారు. నిజమే, ఆగస్టులో లేదు. అప్పటికి మేము ఇంకా మిరప నారు పెంచుకుంటున్నాం. అదే కుర్రాడు ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చి కూర్చుంటే, గుంటూరు యార్డుకు టిక్కీలు మోసే ట్రాక్టర్లు, లారీలు, కోత కూలీల ఆటోలు లెక్కపెట్టడానికి ఇద్దరు చాలేవారు కాదు.

ఈ వ్యాసం రోడ్లకు వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. రోడ్డు లేక పురిటి నొప్పుల మనిషిని మంచంమీద మోసుకుపోయిన కాలం నేను చూశాను. 1970 నుంచి 1993 వరకు మన రాష్ట్రాల గణాంకాలు తీసుకుని షెంగెన్ ఫాన్, పీటర్ హేజెల్, సుఖదేవ్ థోరట్ చేసిన అధ్యయనంలో, గ్రామాల్లో పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చుల్లో పల్లె రోడ్లమీద పెట్టిందే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చిందని తేలింది. కాబట్టి రోడ్డు కావాలి. ఏ రోడ్డు, ఎక్కడ, ఎవరికోసం అని తేల్చే లెక్క ఒకటుంది. ఆ లెక్కలో మనం లేము. నేను చెప్పదలుచుకున్నది అదే.

అసలు లెక్క ఎలా కడతారు?

మన సంఘం శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు దీన్ని విడమర్చి చెప్పారు. పదో తరగతి చదివిన నాకే అర్థమైంది, మీకూ అవుతుంది.

ఒక పెద్ద రోడ్డు వేయాలంటే ముందుగా డీపీఆర్, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదిక, తయారు చేస్తారు. అందులో ఒకవైపు ఖర్చులు రాస్తారు: నిర్మాణం, భూమి, మరమ్మతులు. రెండోవైపు లాభాలు రాస్తారు. ఆ లాభాలు ముఖ్యంగా మూడు. బండ్లకు డీజిలు, టైర్లు, రిపేర్లు ఎంత తగ్గుతాయి. ప్రయాణికులకు ఎంత సమయం కలిసొస్తుంది. ప్రమాదాలు ఎన్ని తగ్గుతాయి. మూడింటినీ రూపాయల్లోకి మారుస్తారు. ఇలా కట్టడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి పుస్తకం కూడా ఉంది. దాని నంబరు ఐఆర్‌సీ ఎస్పీ 30. ఈ ఆలోచన మొన్నటిది కాదు. వంతెనలు, రోడ్లు ప్రజలకు ఎంత ఉపయోగమో కొలవాలని జ్యూల్ డ్యుపుయీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1844లోనే రాశాడు.

ఇందులో వడ్డీ లెక్క కూడా ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే వంద రూపాయలూ ఇవాళ చేతికొచ్చే వంద రూపాయలూ ఒకటి కావు కదా. అందుకని ముందు ముందు వచ్చే లాభనష్టాలను వడ్డీతో వెనక్కి లెక్కగట్టి ఇవాళ్టి విలువకు తెస్తారు. మన దేశంలో రోడ్ల లెక్కల్లో చాలాకాలంగా ఏడాదికి 12 శాతం వాడుతున్నారు. అంటే మన ఊళ్ళో చెప్పుకునే నూటికి రూపాయి వడ్డీ. రోడ్డుమీద పెట్టిన డబ్బు సమాజానికి రూపాయి వడ్డీ కంటే ఎక్కువ తిరిగి ఇస్తే ప్రాజెక్టు పాసు, లేకపోతే ఫెయిలు.

ఇదంతా సబబుగానే ఉంది. పైసా పైసా చూసి ఖర్చు పెట్టమనే మనమూ అడుగుతాం. ఈ లెక్క లేకపోతే ఏ నాయకుడి ఊరైతే ఆ ఊరికే రోడ్డు పోతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదు అన్న సామెత రోడ్ల విషయంలో మనకు బాగా తెలుసు. లెక్క ఉండటం మంచిదే. అయితే ఆ లెక్కకు కొన్ని కన్నాలు ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి కన్నం: ఎప్పుడు లెక్కపెట్టారు?

బండ్ల లెక్క ఏడాదికి కనీసం రెండుసార్లు తీయాలని, ఒక్కోసారి ఏడు రోజులు, రాత్రీ పగలూ తీయాలని ఐఆర్‌సీ 1972లోనే రాసిపెట్టింది. ఆ రెండింటిలో ఒకటి పంట కోతలు, అమ్మకాలు ముమ్మరంగా ఉన్న కాలంలో, రెండోది పని లేని కాలంలో ఉండాలని కూడా అందులోనే ఉంది. పల్లె రోడ్ల డిజైను పుస్తకంలోనైతే కోతల కాలంలో ఎన్ని రెట్లు బండ్లు పెరుగుతాయో లెక్కలో కలపడానికి సూత్రమే ఇచ్చారు. అంటే నియమం రాసినవాళ్ళు రైతును మరిచిపోలేదు. మా దగ్గర ఆగస్టులో వారం రోజులు లెక్కపెట్టారు. కోతల్లో మళ్ళీ వచ్చి కూర్చున్నవాళ్ళను మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఇంకో తమాషా చెబుతాను. బండ్లన్నీ ఒక రకం కావు కాబట్టి అన్నిటినీ కార్లలోకి మార్చి లెక్కిస్తారు. 1990 నాటి ఐఆర్‌సీ పట్టికలో ట్రైలరున్న ట్రాక్టరు నాలుగున్నర కార్లతో సమానం. ఎడ్లబండి ఏకంగా 8 కార్లతో సమానం! ఇది వినగానే తరగతిలో మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంజనీరు గారు నవ్వి, "అది మీ బండి విలువ కాదయ్యా, మీ బండి వల్ల కార్లకు కలిగే అడ్డం" అన్నారు. చప్పట్లు ఆగిపోయాయి. మనం ఆ లెక్కలోకి వచ్చేది అడ్డంగా మాత్రమే.

రెండో కన్నం: ఎవరి గంట ఎంత?

సమయం ఆదా అయితే దానికి రూపాయలు కట్టాలి కదా. ఎవరి ఆదాయాన్ని బట్టి వారి గంటకు ధర కడతారు. కారులో పోయేవారి గంట ఖరీదు ఎక్కువ, బస్సులో పోయేవారి గంట తక్కువ. రోడ్డును అడ్డంగా దాటి చేలోకి నడిచిపోయే కూలీ తల్లి గంటకు సాధారణంగా ఆ పట్టికలో గడే ఉండదు. నిలువుగా పోయేవాళ్ళే ప్రయాణికులు. అడ్డంగా పోయేవాళ్ళు ఎవరి లెక్కలోనూ లేరు.

సరుకుకూ అంతే. దారిలో ఉన్నంతసేపు సరుకు విలువమీద వడ్డీ లెక్కిస్తారు. మిరప తడిసినా, రంగు పోయినా యార్డులో క్వింటాలుకు ఎంత కోస్తారో మనకు తెలుసు. ఆ నష్టం వడ్డీ లెక్కలో కనబడదు.

మూడో కన్నం: భూమికి రాసిన ధర

ఖర్చు వైపు భూమి విలువ అని ఒక అంకె ఉంటుంది. అది నష్టపరిహారం అంచనా. పరిహారానికి మూలం రిజిస్ట్రేషన్ ధరలు. పల్లెల్లో కాగితంమీద రాసే ధరకూ అసలు ధరకూ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ఈ తప్పులో మనకూ వాటా ఉంది. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని మనమే తక్కువ రాయించుకున్నాం. ఫలితం ఏమిటి? రెండు మూడు దారులు పోల్చి చూసేటప్పుడు పంట పొలాల మీదుగా పోయే దారి ఎప్పుడూ చవకగా కనబడుతుంది. రైతుకు పరిహారం తక్కువ రావడంతో నష్టం ఆగదు. ఆ తక్కువ ధర వల్లే రోడ్డు మన పొలాల్లోకి వస్తుంది.

కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. మా ప్రాంతంలో చాలా మిరప చేలు కౌలువే. నోటిమాట మీద కౌలు, కాగితం ఉండదు. కాగితం లేనివాడి నష్టం ఖర్చులోకీ రాదు, పరిహారంలోకీ రాదు.

నాలుగో కన్నం: చీలిన ఊరు

మా ఊరి లెక్క నేనే కట్టాను, చూడండి. దగ్గరున్న అండర్‌పాస్ మా డొంకకు కిలోమీటరున్నర దూరం. అక్కడిదాకా పోయి, అవతలి పక్క మళ్ళీ కిలోమీటరున్నర వెనక్కి రావాలి. పోను రాను రోజుకు 6 కిలోమీటర్లు అదనం. అవతల చేలున్న 60 కుటుంబాల నుంచి కుటుంబానికి ఒక్క మనిషే, ఏడాదికి 300 రోజులే పోతారనుకుందాం. మొత్తం 1,08,000 కిలోమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల నడకన 27,000 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 3,375 పనిదినాలు. కూలి 400 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 13 లక్షల 50 వేలు. దీన్నే 20 ఏళ్ళకు వాళ్ళ పద్ధతిలోనే, రూపాయి వడ్డీతో వెనక్కి లెక్కిస్తే ఇవాళ్టి విలువ సుమారు కోటి రూపాయలు.

ఆ కోటి రూపాయలు నష్టం కింద రాసి ఉంటే, డొంక దగ్గర ఒక అండర్‌పాస్‌కు ఎంతవుతుందో దాంతో పోల్చి చూసేవాళ్ళు. రాయలేదు కాబట్టి పోల్చే పనే పడలేదు.

ఇంకో సంగతి రాయాలంటే చెయ్యి రావడం లేదు. 6 కిలోమీటర్లు తిరగలేక మనుషులు డివైడరు ఎక్కి దాటుతారు. మా వీధి కోడలు ఒకామె గడ్డిమోపుతో అలా దాటుతూ పోయింది. కొత్త రోడ్డు వల్ల ప్రమాదాలు తగ్గుతాయని నివేదికలో లాభాల కింద ఒక అంకె ఉండే ఉంటుంది. ఆమె ఆ అంకెలో ఏ పక్కన ఉందో నాకు తెలియదు.

ఐదో కన్నం: జోస్యం

రోడ్డుమీద రేపు ఎన్ని బండ్లు తిరుగుతాయన్నది అంచనా. అంచనా తప్పితే లాభం లెక్కంతా తప్పు. బెంట్ ఫ్లూబ్యెర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడు, ఆయన సహచరులు 14 దేశాల్లో 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. రైలు ప్రాజెక్టుల్లో పదింట తొమ్మిదింటికి ప్రయాణికులను ఎక్కువ చేసి చూపారు. రోడ్లలో సగం ప్రాజెక్టులకు అంచనాకూ వాస్తవానికీ తేడా 20 శాతం దాటింది.

ఖర్చు సంగతి మన దేశంలోనే చూద్దాం. 2017లో భారత్‌మాల మొదటి దశకు 34,800 కిలోమీటర్లకు 5.35 లక్షల కోట్ల రూపాయలు అని కేంద్రం ఆమోదించింది. 2023 మార్చి నాటికి 26,316 కిలోమీటర్లకే 8.46 లక్షల కోట్లు మంజూరయ్యాయని కాగ్ నివేదిక చెప్పింది. దారి తగ్గింది, ఖర్చు పెరిగింది. ఖర్చు ఇంత మారినప్పుడు మొదట కట్టిన లాభనష్టాల లెక్క నిలబడుతుందా అని అడిగే హక్కు మనకు లేదా?

ఒక గుడి కథ

ఇలాంటి లెక్క ఒకటి ఇంగ్లండులో నవ్వులపాలైంది. లండన్‌కు మూడో విమానాశ్రయం ఎక్కడ కట్టాలో తేల్చడానికి 1968లో రాస్కిల్ కమిషన్ వేశారు. అప్పటిదాకా ఎవరూ చేయనంత పెద్ద లాభనష్టాల లెక్క కట్టారు. కబ్లింగ్టన్ అనే పల్లె ప్రాంతం మేలని తేల్చారు. ఆ దాపున స్ట్యూక్లీ అనే ఊళ్ళో ఎనిమిది వందల ఏళ్ళనాటి చర్చి ఉంది. దాని విలువ ఎంత అంటే, అగ్నిప్రమాద బీమా ఎంతకు చేశారో అంత అని లెక్కించారు. జనం మండిపడ్డారు. కమిషన్ సభ్యుల్లోనే కోలిన్ బుకానన్ అసమ్మతి రాశాడు. చివరికి 1971లో ప్రభుత్వం ఆ సిఫార్సును పక్కన పెట్టింది.

అక్కడివాళ్ళు లెక్కలు మానేయలేదు. లెక్కలో ఏం వదిలేశారో జనం అడిగారు, అందుకే ఆగింది. మన ఊరి పోలేరమ్మ గుడికి, రావిచెట్టు అరుగుకు బీమా కూడా లేదు. వాటికి ఎంత రాస్తారు?

ఇంకో రకం కొలత మన దేశంలోనే ఉంది

రూపాయల్లోకి మార్చడమే ఏకైక దారి కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బండ్లను కాక మనుషులను లెక్కపెట్టింది. మైదానాల్లో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ప్రతి ఊరికీ అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు ఉండాలన్నది నియమం. 2019లో వచ్చిన మూడో దశలో మార్కులు పెట్టారు. ఆ రోడ్డు ఎంత జనాభాకు ఉపయోగం, మార్కెట్‌కు తీసుకెళ్తుందా, బడికి, ఆసుపత్రికి తీసుకెళ్తుందా అని చూసి, ఎక్కువ మార్కులు వచ్చిన రోడ్డుకు ముందు వంతు. డీపీఆర్‌కు ముందు ఇంజనీర్లు ఊరివాళ్ళతో కలిసి దారి వెంట నడిచి చూడాలని కూడా అందులో ఉంది. అమలులో లోపాలు మనందరం చూశాం, అది వేరే మాట. కొలిచే పద్ధతి మాత్రం మనకు దగ్గరిది.

దీనికీ ఒక హద్దు ఉంది. ఈ పథకం ఊరిని కలుపుతుంది, పొలాన్ని కలపదు. నల్లరేగడిలో వాన పడితే డొంకలో ట్రాక్టరు దిగబడుతుంది, పత్తి నెత్తిన మోయాలి. పల్లె రోడ్లపై ఆషర్, నోవోసాద్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, రోడ్డు వచ్చాక జనం వ్యవసాయం వదిలి బయటి పనులకు పోవడం పెరిగింది గానీ సాగులోనూ, ఆదాయంలోనూ పెద్ద మార్పు కనబడలేదని తేలింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. చేనుకు దారి లేక, గిట్టుబాటు ధర లేక, ఊరికి రోడ్డు ఒక్కటే వస్తే ఆ రోడ్డుమీద మన పిల్లలు పట్నం పోతారు. పంజాబ్‌లో మార్కెట్ ఫీజు డబ్బుతో మండీ బోర్డు లింకు రోడ్లు వేసింది. మన దగ్గరా మార్కెట్ సెస్సు మన పంటమీదే వసూలవుతోంది. డొంకలకు అందులో వాటా అడగాలి.

మనం ఏం అడగాలి, ఏం చేయాలి?

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని మంచి నిబంధన ఉంది. కానీ జాతీయ రహదారుల చట్టాన్ని అందులోనుంచి తప్పించారు. 2015లో పరిహారం, పునరావాసం నిబంధనలను రహదారులకూ వర్తింపజేశారు గానీ ప్రభావ అంచనాను కాదు. అంటే ఊరు చీలితే ఏమవుతుందని ముందుగా అడిగి తీరాలన్న నిబంధన హైవేకు లేదు. అందుకే మన డిమాండ్లు ఇవి.

ఒకటి, బండ్ల లెక్క కోతల కాలంలోనూ తీయాలి, ఏ తేదీల్లో తీశారో పంచాయతీ బోర్డుమీద రాయాలి.

రెండు, 3ఏ నోటిఫికేషన్‌కు ముందే డీపీఆర్ సారాంశం తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి.

మూడు, పల్లె రోడ్డుకు నడిచినట్టే హైవేకూ నడవాలి. ప్రతి డొంక, పశువుల బాట, పంట కాలువ, బోరు పైపు దాటే చోటు పటంలో గుర్తించాలి.

నాలుగు, చీలిక వల్ల అయ్యే అదనపు నడక, కౌలు రైతు నష్టం, కూలీ పోయిన పనిదినాలు ఖర్చు వైపు రాయాలి.

ఐదు, రోడ్డు తెరిచాక చెప్పిన లాభం వచ్చిందా లేదా తేల్చి బయటపెట్టాలి. ఇంగ్లండులో పెద్ద రోడ్లకు ఏడాది తర్వాత ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఒకసారి అలా చూస్తారు. మనకెందుకు వద్దు?

అడగడం ఒక ఎత్తు, సిద్ధంగా ఉండటం ఇంకో ఎత్తు. 3ఏ నోటిఫికేషన్ గెజిట్‌లో పడ్డ రోజు నుంచి అభ్యంతరం చెప్పడానికి ఉండేది 21 రోజులే. ఆ 21 రోజుల్లో మనం పరుగులు పెట్టి, కోపంగా నాలుగు మాటలు రాసి ఇస్తాం. వాళ్ళు "పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క రాస్తారు. కోపానికి బదులు అంకెలు ఇచ్చి చూద్దాం. తిరస్కరించాలంటే వాళ్ళూ అంకెలతోనే సమాధానం చెప్పాల్సి వస్తుంది.

కాబట్టి ప్రతి గ్రామ కమిటీకీ నా విన్నపం. ఈ సీజన్ కోతల్లో ఏడు రోజులు, మీ అడ్డరోడ్డు దగ్గర మీ ఊరి పిల్లలనే వంతులవారీగా కూర్చోబెట్టండి. ట్రాక్టరు, లారీ, ఆటో, బండి, అడ్డంగా దాటే మనిషి, గొడ్డు అన్నీ రాయించండి. తేదీ వేసి పంచాయతీలో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. డొంకల పటం ఒకటి గీసుకోండి. మీ ప్రాంతంలో రోడ్డు ప్రతిపాదన ఉందని వింటే పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద డీపీఆర్ అడగండి. కౌలు రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టండి.

మా ఊళ్ళో మేము ఈ పని రోడ్డు పడ్డాక మొదలుపెట్టాం. పోయిన ఫిబ్రవరిలో డొంక దగ్గర ఏడు రోజులు లెక్క తీసి, పైన చెప్పిన కోటి రూపాయల కాగితం జతచేసి అండర్‌పాస్ కోసం అర్జీ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. వదిలేది లేదు. మీకు ఇంకా రోడ్డు పడలేదు కాబట్టి మీరు ముందే మొదలుపెట్టండి.